అమ్మ గొలుసు తాకట్టు పెట్టి లెన్స్ కొనొచ్చా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. కరీంనగర్‌లో ఒక స్టూడియో తరఫున పెళ్లిళ్లకు సెకండ్ కెమెరామన్‌గా వెళ్తుంటాను. రోజుకు 2,500 ఇస్తారు. విడిగా పుట్టినరోజులు, హాఫ్ శారీ ఫంక్షన్లు కూడా చేస్తాను. నా దగ్గర కానన్ 1500డి, దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉన్నాయి. పోర్ట్రెయిట్ల కోసం 85 ఎంఎం ఎఫ్1.4 లెన్స్ కొనాలనుంది. షాపులో లక్షా పాతిక వేలు చెప్పారు. అమ్మ గొలుసు మీద 40 వేలు తీసుకుని, మిగతా 85 వేలు 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో కట్టాలని ఆలోచన. బ్యాంకులో 28 వేలు ఉన్నాయి. చెయ్యొచ్చా మేడమ్?

జవాబు: వద్దండి. గొలుసు ఇంట్లోనే ఉండనివ్వండి. మీకు మంచి పోర్ట్రెయిట్ లెన్స్ కావాలి, అందులో సందేహం లేదు. అది ఆ 28 వేలలోనే వస్తుంది, ఇంకా సగానికి పైగా మిగులుతుంది కూడా.

ముందు ఈఎంఐ సంగతి చూద్దాం. 85 వేలకు నెలకు దాదాపు 7,080 పడుతుంది. మీ ఆదాయం నెలనెలా ఒకేలా వచ్చేది కాదు, ముహూర్తాలను బట్టి వచ్చేది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, ఈ మూడు నెలలూ పెళ్లిళ్లు ఉండవు. మధ్యలో మూఢం వస్తే మరికొన్ని వారాలు పోతాయి. అధిక మాసం వచ్చిన ఏడాది ఇంకో నెల ఖాళీ. పని లేని మూడు నెలల వాయిదాలే 21 వేలు దాటుతాయి. అంటే మీరు దాచుకున్న 28 వేలలో ముప్పాతిక వంతు వాటికే పోతుంది. అదే సమయంలో కెమెరా షటర్ పాడైనా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా మళ్లీ అప్పే చెయ్యాలి. గొలుసు మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, గడువులోగా విడిపించకపోతే వేలానికి వెళ్తుంది. అమ్మ ఇష్టపడే ఇస్తుండొచ్చు. అయినా రేపు నిజంగా ఆపద వస్తే ఇంట్లో ఆదుకునేది ఆ బంగారమే, దాన్ని లెన్స్ కోసం వాడొద్దు.

నో కాస్ట్ అన్న మాటను కూడా పూర్తిగా నమ్మకండి. మామూలుగా జరిగేది ఏమిటంటే, బ్యాంకు తన వడ్డీ తాను తీసుకుంటుంది, అమ్మేవాళ్లు అంత మొత్తాన్ని డిస్కౌంట్‌గా తగ్గించి చూపిస్తారు. 16 శాతం వడ్డీ అనుకుంటే మీ 85 వేలలో దాదాపు 7 వేలు వడ్డీయే. క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ, అంటే ఇంకో 1,250 దాకా మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది వేరు. ఏది కొన్నా సరే, "మొత్తం డబ్బు ఇప్పుడే ఇస్తాను, ఆ డిస్కౌంట్ నాకివ్వండి" అని అడగండి. చాలామంది అడగరు.

ఇప్పుడు లెన్స్ దగ్గరికి వద్దాం. మీ 1500డిలో సెన్సర్ (బొమ్మ పడే చోటు) చిన్నది, 1.6 క్రాప్, అంటే ఏ లెన్స్ అయినా 1.6 రెట్లు దగ్గరగా చూపిస్తుంది. దానికి 85 ఎంఎం తగిలిస్తే 136 ఎంఎంలా కనిపిస్తుంది. మనిషిని తల నుంచి కాళ్ల దాకా నిలువుగా ఫ్రేమ్‌లో పట్టాలంటే మీరు రమారమి 7 మీటర్లు వెనక్కి వెళ్లాలి. ఇంట్లో చేసే ఫంక్షన్‌లో అంత చోటు ఎక్కడుంటుంది? పెళ్లి మండపం ముందైతే వీడియో వాళ్లు, బంధువులు మీకు అడ్డంగా ఉంటారు. అదే 50 ఎంఎం అయితే 4 మీటర్లు చాలు. మీ కెమెరా మీద అది 80 ఎంఎంలా పనిచేస్తుంది, ముఖాలు సాగకుండా, ముక్కు పెద్దదిగా కనపడకుండా సహజంగా వస్తాయి. అందుకే కానన్ 50 ఎంఎం ఎఫ్1.8 ఎస్‌టీఎం కొనమంటున్నాను. కొత్తది 10 వేలకు కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది.

చవకది కదా, తేడా కనిపిస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది. కిట్ లెన్స్‌ను 55 దగ్గర పెడితే గరిష్ఠంగా తెరుచుకునేది ఎఫ్5.6. ఎఫ్1.8 దానికంటే తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లోపలికి తెస్తుంది. రాత్రి రిసెప్షన్‌లో 3200 ఐఎస్‌ఓ (వెలుతురు తక్కువైనప్పుడు పెంచే అంకె, పెంచేకొద్దీ ఫొటోలో గింజలు కనిపిస్తాయి) పెట్టాల్సిన చోట 400తో సరిపోతుంది, చర్మం రంగు శుభ్రంగా వస్తుంది, వెనకాల సీరియల్ లైట్లు గుండ్రంగా మెత్తబడతాయి. అక్కడి నుంచి ఎఫ్1.4కి వెళ్తే పెరిగేది ఒకటిన్నర రెట్లు మాత్రమే. లక్ష పైగా పెట్టేది ఆ కాస్త పెరుగుదలకు, ఇంకొంచెం మెత్తని బ్యాక్‌గ్రౌండ్‌కు. మీ ఆదాయంతో అది తేరుకోలేని ఖర్చు. పైగా 2018లో మిర్రర్‌లెస్ కెమెరాల కోసం ఆర్‌ఎఫ్ మౌంట్ (లెన్స్ తగిలించే కొత్త పద్ధతి) వచ్చాక కానన్ దృష్టంతా అటే ఉంది. ఇప్పుడు ఖరీదైన ఈఎఫ్ (మీ కెమెరాకు సరిపోయే పాత మౌంట్) లెన్స్‌లో డబ్బు పోస్తే రేపు అమ్మేటప్పుడు అనుకున్న ధర రావడం కష్టం.

50తో ఒక జాగ్రత్త: జంటను తీసేటప్పుడు ఎఫ్1.8లో పెట్టకండి, ఒకరి కళ్లు ఫోకస్‌లో ఉంటే రెండోవారివి మసకబారతాయి. ఎఫ్2.8 పెట్టండి, లెన్స్ కూడా అక్కడ ఎఫ్1.8 కంటే షార్ప్‌గా ఉంటుంది.

మీ ఉత్తరంలో లేని ప్రశ్న ఒకటుంది, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది అదే. ఈ లెన్స్ వచ్చాక స్టూడియో మీకు రోజుకు 2,500 కంటే ఎక్కువ ఇస్తుందా? వెళ్లి అడగండి. ఇవ్వం అంటే, మీ అప్పుతో కొన్న లెన్స్ వాళ్ల ఆల్బమ్‌కు ఉపయోగపడుతుంది గానీ మీ సంపాదన పెరగదు. పెరగాల్సింది మీ సొంత ఆర్డర్లు. 50 కొని వచ్చే రెండు నెలలు తెలిసినవాళ్ల పిల్లలను, అమ్మమ్మలను, పెళ్లి కుదిరిన స్నేహితులను తీసి ఒక మంచి పోర్ట్‌ఫోలియో చేసుకోండి.

ఎవరైనా అవుట్‌డోర్ ప్రీ వెడ్డింగ్ షూట్ అడిగితే 85ని అద్దెకు తెచ్చుకోండి. ఆ అద్దెను మీ జేబులోంచి కాకుండా కొటేషన్‌లోనే కలపండి. ప్రతిసారీ ఎంత అద్దె కట్టారో ఫోన్‌లో రాసుకోండి. ఒక సీజన్‌లో ఆ మొత్తం 85 ఎంఎం ఎఫ్1.8 ధరలో పావు వంతు దాటితే అప్పుడు దాన్ని కొనండి. ఎఫ్1.8 రకం మీరు చెప్పిన లక్షా పాతికలో సుమారు మూడో వంతుకే వస్తుంది. దానికోసం ఈ సీజన్ నుంచే ప్రతి పెళ్లి డబ్బులోంచి 300 విడిగా వెయ్యండి. 50 కొన్నాక మిగిలే 18 వేలను మాత్రం ముట్టుకోవద్దు, అవి ఆషాఢం కోసం.

సెకండ్ హ్యాండ్ అయినా పర్వాలేదు. కొనేముందు మొబైల్ టార్చ్ వెనక నుంచి వేసి లోపల చూడండి. సాలెగూడులాంటి తెల్లటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించినా తీసుకోకండి. ఆటోఫోకస్ మోటార్ ఆగి ఆగి తిరుగుతోందేమో మీ కెమెరాకే తగిలించి చూడండి. కొత్తదైతే "బిల్లు లేకుండా తక్కువకిస్తాం" అనేవాళ్ల దగ్గర వద్దు, వారంటీ అడగడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. సీరియల్ నంబర్ రాసిన జీఎస్‌టీ బిల్లు తీసుకుని, లెన్స్ మీద ఉన్న నంబర్‌తో అక్కడే సరిచూసుకోండి.