ఒట్టు తీసి గట్టున పెట్టండి

ప్రశ్న: మాది ఉద్దానంలో సోంపేట దగ్గర పల్లె. నా వయసు 38. మా ఆయన చెన్నైలో వెల్డింగ్ పని చేసేవారు. కిడ్నీలు రెండూ పాడయ్యాయి. ఎనిమిది నెలలుగా వారానికి రెండుసార్లు డయాలసిస్ జరుగుతోంది. ఊళ్ళో ఎవరికీ చెప్పకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నారు. డిగ్రీ చదివే కూతురు ఉంది, ఈ జబ్బున్న ఇల్లని తెలిస్తే సంబంధాలు రావని ఆయన భయం. అందుకే పలాస దగ్గరే అయినా శ్రీకాకుళం దాకా పోతున్నాం. నడుం నొప్పికి వైద్యమని చెబుతున్నాం. అక్కడ ఒకరోజు మా వెనక వీధి ఆయన, నాకు వరసకు మావయ్య, పక్క మంచం మీద కనబడ్డారు. ఆయన మొహం తిప్పుకున్నారు, మేమూ తిప్పుకున్నాం. పింఛనుకి కూడా పెట్టుకోలేదు. ఒకటో తారీఖున ఇంటికి తెచ్చి ఇస్తారు కదా. పక్కింటి ముసలమ్మకు 4,000 ఇచ్చి మాకు 10,000 ఇస్తే ఏం జబ్బో ఊరంతటికీ తెలిసిపోతుంది. డ్వాక్రా వాయిదాలు రెండు ఆగిపోయాయి. మొన్న రాత్రి మా అమ్మాయి ఫోనులో ఒక పాత ఇంగ్లీషు సినిమా పెట్టి మాటలు చెబుతూ చూపించింది. చివర్లో ఊరు ఊరంతా ఆ ఇంటికొచ్చి బల్ల మీద డబ్బులు పోస్తారు. వెక్కివెక్కి ఏడ్చాను. తర్వాత కోపమొచ్చింది. తిత్లీ తుపానప్పుడు మా ఆయన పదిరోజులు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళమీద పడ్డ చెట్లు కోసారు. ఇప్పుడు మా గడప తొక్కినవాళ్ళు లేరు. హైదరాబాదులో మా బావగారికి ఒక్కరికే చెప్పాం, ఆయన ఫోను ఎత్తడం మానేశారు. అలాంటి ఊళ్ళు సినిమాల్లోనే ఉంటాయా? మా ఆయనేమో ‘నేను పోతే ఇన్సూరెన్సు డబ్బులైనా వస్తాయి’ అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు:

అమ్మా, మీరు చివర్లో రాసిన మాట నాకు అన్నిటికంటే ముందు వినబడింది. ఇన్సూరెన్సు సంగతి. విసుగులో అన్న మాట కావచ్చు. అయినా విసుగే అనుకుని వదిలేయకండి. ఈ రాత్రే ఆయన పక్కన కూర్చుని, ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని చాలామంది జంకుతారు. అలా పుట్టదు. లోపల నలుగుతున్నది బయటికి రావడానికి దారి దొరుకుతుంది. జీడితోటకి కొట్టే మందు ఇంట్లో ఉంటే ఈ రోజే తీసి దూరంగా పంపేయండి. డయాలసిస్ చేసే డాక్టరుకీ నర్సుకీ ఆయన అన్నది అన్నట్టు చెప్పండి. టెలిమానస్ అని ప్రభుత్వ ఫోను సేవ ఉంది, నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆయన చెయ్యనంటే మీరు చెయ్యండి. ఆయన మళ్ళీ ఆ మాట అని, చేసుకునేలా ఉన్నారని మీకు అనిపిస్తే, ఒట్టూ గిట్టూ చూడకండి. పక్కింటి తలుపు కొట్టండి. ఆయన్ని ఒంటరిగా ఉంచకండి.

ఇక మీ అమ్మాయి చూపించిన సినిమా. మీరు చెప్పినదాన్ని బట్టి అది 1946లో ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ అయుండాలి. నాకు చాలా ఇష్టమైన సినిమా. అందులో జార్జ్ అనే ఆయన బెడ్‌ఫర్డ్ ఫాల్స్ అనే చిన్న ఊళ్ళో బీదాబిక్కీకి ఇళ్ళ అప్పులిచ్చే చిన్న సంస్థ నడుపుతుంటాడు. బ్యాంకులో కట్టాల్సిన 8,000 డాలర్లు బాబాయి చేతిలోంచి జారిపోతాయి. జైలుకి పోవాలి, పరువు పోతుంది. ఆ మనిషీ అచ్చం మీ ఆయనలాగే ఆలోచిస్తాడు, బతికున్నదానికంటే ఇన్సూరెన్సు కాగితం మీదే తనకు ఎక్కువ విలువుందని. మంచు పడే రాత్రి వంతెన మీద నిలబడతాడు.

అతను వంతెన దగ్గరున్నంతసేపు సినిమా అతని వెంటే తిరుగుతుంది. కానీ అదే సమయంలో ఇంకోచోట జరిగిన పని ఒకటుంది. దాన్ని మనకు తెరమీద సరిగ్గా చూపించనే లేదు, చివర్లో బాబాయి నోట ఒక్క ముక్కలో వినబడుతుంది. భార్య మేరీ నలుగురికి చెప్పింది. మా ఆయన కష్టంలో ఉన్నాడని చెప్పింది. అంతే, వాళ్ళు ఊరంతా తిరిగి డబ్బు పోగుచేశారు. ఏ కష్టమని కూడా చాలామంది అడగలేదట. ఊరు తనంతట తాను కదల్లేదమ్మా. ఒక ఆడమనిషి ఆ రాత్రి తలుపు తీసుకుని బయటికెళ్ళింది. మీరు బల్లమీద పడ్డ డబ్బు చూసి ఏడ్చారు. ఇంకోసారి చూస్తే మేరీ కోసం చూడండి.

మీ గడప ఎవరూ తొక్కలేదని రాశారు. ఎవరికి చెప్పారని తొక్కుతారు? వాళ్ళకు తెలిసింది నడుం నొప్పి. నడుం నొప్పికి ఎంత పలకరించాలో అంత పలకరించి ఉంటారు. ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. మా అమ్మా మీలాగే చేసింది.

మాది విజయనగరం. మా నాన్న జూట్ మిల్లులో పనిచేసేవారు. మిల్లు లాకౌటయిన ఏడాది నాకు పదకొండేళ్ళు. ఇంట్లో వండడానికి ఏమీ లేని పూటల్లో అమ్మ మూకుడు పొయ్యిమీద పెట్టి, చుక్క నూనెలో నాలుగు ఆవాలు, ఒక ఎండుమిరపకాయ వేసి పోపు పెట్టేది. అందులో వేయడానికి కూర ఉండేది కాదు. ఆ చుయ్యిమన్న చప్పుడు గోడవతల పిన్నిగారికి వినబడాలి, అంతే. మాడిన ఆవాల వాసన ఇప్పటికీ నాకు ఆకలిలాగే ఉంటుంది. పాతికేళ్ళ తర్వాత, అమ్మ పోయినప్పుడు, ఆ పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని అన్నారు: “ఆ పోపు తరవాత గరిటె సప్పుడు ఇనపడీది కాదే. నాకు తెలీదేటి? తలుపేసుకున్న ఇంటికి ఎలాగొస్తాం? మీ అమ్మ ఏటనుకుంటాదో అని మా ఇంట్లో నాను ఏడిసీదాన్ని.” రెండిళ్ళ మధ్య ఒక్క గోడ. అటు ఒకరూ ఇటు ఒకరూ ఏడ్చుకున్నారు.

మీ మావయ్య పక్క మంచం సంగతి చదివినప్పుడు నాకు ఆ గోడే గుర్తొచ్చింది. ఒకే ఊరి నుంచి, ఒకే రోజు, చీకటితో లేచి, పలాస దాటి అంత దూరం పోయి, నాలుగేసి గంటలు పక్కపక్క మంచాల మీద పడుకుని, ఒకరినొకరు చూడనట్టు నటించి వేర్వేరుగా తిరిగొచ్చారు. ఆ మావయ్యా ఇంట్లో ఎవరి చేతనో ఒట్టు వేయించుకునే ఉంటారు. ఉద్దానంలో ఈ జబ్బు నిన్న మొన్నటిది కాదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం, ఏ మండలంలో అడిగినా చెబుతారు. దీనికి కారణం ఇదీ అని ఇన్నేళ్ళయినా గట్టిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ తెరిచారంటే అది ఒక్క ఇంటి గుట్టు కాబట్టి కాదు. మీ ఊళ్ళో ఇంకెన్ని ఇళ్ళలో నడుం నొప్పులున్నాయో ఒక్కసారి ఆలోచించండి.

ఆయనతో ఎలా మాట్లాడాలంటే, డయాలసిస్ అయిన సాయంత్రం వద్దు. ఆ పూట ఒంట్లో సత్తువ ఉండదు, ప్రతి మాటా ములుకులా గుచ్చుకుంటుంది. మర్నాడు పొద్దున్న తేరుకున్నాక కూర్చోండి. ‘నీ ఒట్టు నేను మోయలేకపోతున్నాను, తీసి గట్టున పెట్టు’ అని అడగండి. మేరీ భర్తకు చెప్పకుండా వెళ్ళింది, అది ఒక్క రాత్రి గండం. మీది ఏళ్ళ తరబడి నడవాల్సిన దారి, ఆయనకు తెలియకుండా నడవలేరు. చులకనైపోతామని ఆయనంటారు. అప్పుడు తిత్లీ గుర్తుచేయండి. 2018 అక్టోబరు 11 తెల్లవారకముందే ఆ గాలి మీ కొబ్బరినీ జీడినీ పడగొట్టినప్పుడు, రంపం పట్టుకుని ఇంటింటికీ వెళ్ళిన మనిషి కదా. తమ ఇంటిమీద పడ్డ చెట్టు తియ్యమని అడిగినవాళ్ళలో ఒక్కరినైనా ఆయన చులకనగా చూశారా? ఆ మాట అడిగి ఊరుకోండి, జవాబు ఆయన్నే వెతుక్కోనివ్వండి.

అమ్మాయి సంగతి. మీరు దాని దగ్గర దాస్తున్నారో చెప్పారో రాయలేదు. కానీ తండ్రి వారానికి రెండుసార్లు వెళ్ళి అలా వాడిపోయి వస్తుంటే చూస్తున్న పిల్ల, అన్ని సినిమాలుండగా ఆ సినిమానే ఏరి, పక్కన కూర్చుని మాట మాటా తెలుగులో చెబుతూ ఎందుకు చూపించిందంటారు? నేనైతే అది తన నోటితో అనలేనిది మీకు చెప్పిందనుకుంటాను. దాన్ని అడగండి.

పెళ్ళి భయం ఉత్తదని నేననను. మీ వైపు సంబంధాలు చూసేటప్పుడు ఈ ఆరా తీస్తారని నాకూ తెలుసు. కానీ ఇది అంటుజబ్బు కాదు. అమ్మాయికి బీపీ చూపించి, రక్తంలో క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించండి. అది ఎలాగూ అవసరమే. సంబంధం వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దాచి చేసిన పెళ్ళిలో తర్వాత సంగతి బయటపడితే మాటలు పడేది మీరు కాదు, అత్తింట్లో ఒంటరిగా ఉన్న పిల్ల.

ముందు ఎవరికి చెప్పాలి? ఊరి మధ్య రచ్చబండ మీద అక్కర్లేదు. మీ డ్వాక్రా సంఘంలో చెప్పండి. రెండు వాయిదాలు ఆగాయంటే వాళ్ళలో వాళ్ళు ఇప్పటికే ఏదో అనుకుంటుంటారు, ఆ ఏదో కంటే నిజం మీకు గౌరవం. చెప్పేటప్పుడు డబ్బు అడగకండి. సినిమాలో కష్టం ఒక్క రాత్రిలో తీరింది, డయాలసిస్ అలా తీరేది కాదు. ఒకసారి డబ్బు పోసి వెళ్ళిపోయే ఊరికంటే వారంలో ఆ రెండు రోజులు పంచుకునే మనుషులు మీకు కావాలి. ఒకరు ఆటోకి తోడు రావాలి, ఇంకొకరు ఆ పూట అత్తగారికో అమ్మాయికో అన్నం చూడాలి, జీడి ఏరే రోజుల్లో ఒకరు తోటలో దిగాలి. పని పేరు పెట్టి అడగండి. ‘ఏదైనా ఉంటే చెప్పు’ అనేవాళ్ళకి నిజంగానే ఏం చెయ్యాలో తెలియదు.

ఒక్కటి మాత్రం మొదటిరోజే గట్టిగా చెప్పాలి. మీది కొబ్బరి సీమ. సంగతి తెలియగానే వచ్చేవాళ్ళు చేతిలో బొండాలు పట్టుకునే వస్తారు. డయాలసిస్ మీద ఉన్న మనిషికి కొబ్బరినీళ్ళు ప్రమాదం. అందులో పొటాషియం ఎక్కువ, కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, గుండె మీదికి వస్తుంది. అరటిపండ్లూ అంతే. ఏది ఎంత తినొచ్చో, నీళ్ళు ఎన్ని తాగొచ్చో డాక్టరు చెప్పిన లెక్కే లెక్క. ప్రేమగా తెచ్చినవి తిరగ్గొట్టలేక ఒక గుక్క తాగించకండి. బొండం తీసుకుని దండం పెట్టి, ఆయనకు ఎందుకు కూడదో చెప్పి, వచ్చినవాళ్ళ చేతే తాగించండి.

పింఛను కాగితాలు ఈ వారమే పెట్టండి. డయాలసిస్ చేస్తున్న ఆసుపత్రి రాసిచ్చిన కాగితాలు పట్టుకుని సచివాలయానికి వెళ్ళండి. గుట్టు కోసం నెలనెలా 10,000 వదులుకుంటున్నారు, దారి ఖర్చు దానికి వేరే. పలాసకు మార్చడానికి వీలవుతుందా, మంచం ఎప్పుడు ఖాళీ అవుతుందని కూడా అడగండి. మార్చేదాకా శ్రీకాకుళంలో ఒక్క పూట కూడా మానకూడదు.

మీ బావగారి మీద కోపం నాకు అర్థమవుతుంది. సొంత అన్న కదా. ఆయన ఎందుకు ఎత్తడం లేదో నాకు తెలియదు. ఆయన్ని తలచుకుని ఏడ్చే ఓపిక మీ ఆయన కోసం ఉంచుకోండి. ఆ సినిమాలో కూడా అందరూ రారు. ఊళ్ళోకెల్లా ధనవంతుడు రాడు. పోయిన ఆ డబ్బు అతని చేతిలోనే ఉంటుంది, అతను ఇవ్వడు, సినిమా అయిపోయేదాకా అతన్ని ఎవరూ దండించరు కూడా. అతను లేకుండానే ఆ ఇల్లు నిండిపోతుంది.

సంఘంలో చెప్పడానికి నోరు పెగలకపోతే, దానికంటే చిన్న పని ఒకటుంది. ఈసారి శ్రీకాకుళంలో మావయ్య కనబడితే మొహం తిప్పుకోకండి. ఆయన మంచం దగ్గర బెంచీ మీద వాళ్ళావిడ కూర్చుని ఉంటుంది, చేతిలో సంచీ, అందులో రిపోర్టులు, మీలాగే. ఆ పక్కన కూర్చుని, “ఏ బస్సుకొచ్చారత్తా?” అని అడగండి. తిరిగెళ్ళేటప్పుడు ఊరిదాకా నలుగురూ ఒక్క ఆటోలో రండి.