అన్నీ అర్థమవుతున్నాయి, కానీ ఆసుపత్రికి రానంటోంది

పొటాషియం పడిపోతే గుండె ఆగొచ్చని అనోరెక్సియా (లావవుతానన్న భయంతో తిండి మానేసే జబ్బు) ఉన్న మీ 19 ఏళ్ల అమ్మాయే గడగడా చెప్పింది, అందుకే డాక్టరు "నిర్ణయం తనదే" అన్నారని రాశారు. చిక్కు అక్కడే. అనోరెక్సియాలో విషయం అర్థం కాకపోవడం అరుదు. అది తనకూ వర్తిస్తుందన్న గ్రహింపే తరచూ దెబ్బతింటుంది.

1. చికిత్సపై నిర్ణయం తీసుకునే సామర్థ్యం అమ్మాయికి ఉందో లేదో మళ్లీ పరీక్షించమని డాక్టరుకు రాసి ఇవ్వండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 4వ సెక్షన్ చెప్పే సామర్థ్యంలో పర్యవసానాన్ని గ్రహించడం కూడా ఉంది.

2. ఆ పరీక్షలో డాక్టరు అడగాల్సిన, చాలామంది వదిలేసే ప్రశ్న ఇది: "ఈ రిపోర్టు నీ స్నేహితురాలిదైతే ఏం చేయమంటావు? నీ విషయంలో తేడా ఏంటి?" "తనని చేర్చాలి, నేనింకా లావుగానే ఉన్నాగా" అంటే ఆ మాట ఉన్నదున్నట్టు కేస్ షీట్‌లో రాయించండి. "సామర్థ్యం లేదు" అన్న ఒక్క ముక్క చాలదు. మనకు తప్పనిపించే నిర్ణయం తీసుకున్నంత మాత్రాన సామర్థ్యం లేనట్టు కాదని అదే సెక్షన్ చెబుతోంది, అది అమ్మాయికి రక్షణ.

3. సామర్థ్యం లేదని, తనను తాను చూసుకోలేక హానిలో ఉందని తేలితే నామినేటెడ్ రిప్రజెంటేటివ్ (చికిత్స విషయాల్లో తన తరఫున నిలబడే వ్యక్తి) దరఖాస్తుపై 89వ సెక్షన్ కింద 30 రోజుల దాకా చేర్చుకోవచ్చు. ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలి, ఒకరు సైకియాట్రిస్టు, రెండోవారు మానసిక ఆరోగ్య నిపుణులు లేదా డాక్టరు. 7 రోజులకోసారి సామర్థ్యాన్ని తిరిగి చూడాలి. ఒంటికి తిండి పడితే ఆలోచనా మారొచ్చు.

4. ప్రాణం మీదికొస్తే ఇవేవీ అయ్యేదాకా ఆగొద్దు. 94వ సెక్షన్ కింద రిజిస్టర్డ్ డాక్టరెవరైనా 72 గంటల వరకు అత్యవసర చికిత్స చేయొచ్చు.