పాత 36 వోల్టుల గోల్ఫ్ కార్ట్ ఎత్తు ఎక్కలేకపోతోంది, మోటారు మార్చాలా?

బ్యాటరీలు బాగానే ఉన్నా బండి ఎత్తులో నీరసపడుతోందంటే వెంటనే మోటారు మీద పడకండి. ముందు దాని టెర్మినళ్లు చూడండి: ఏ1, ఏ2తో పాటు ఎస్1, ఎస్2 ఉంటే సిరీస్ మోటారు (లోపలి రెండు చుట్టల్లోనూ ఒకే కరెంటు పారేది), ఎఫ్1, ఎఫ్2 ఉంటే సెపెక్స్ (ఫీల్డ్ చుట్టకు విడిగా కరెంటు అందేది), ఒకదాని కంట్రోలర్ (మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే పెట్టె) ఇంకోదానికి పనికిరాదు. సిరీస్ అయితే 400 ఆంపియర్ల కంట్రోలర్, దానికి తగ్గ సోలెనాయిడ్ (బ్యాటరీ కరెంటును కలిపే పెద్ద స్విచ్) వేసి, సన్నటి 6 గేజ్ కేబుళ్లు పీకేసి లావుపాటి 2 గేజ్‌వి బిగిస్తే తేడా మీకే తెలుస్తుంది, ఎందుకంటే టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) వచ్చేది కరెంటు నుంచి. స్పీడే కావాలంటే వోల్టేజీ పెంచాలి. ఆరు 6 వోల్టుల బ్యాటరీల చోట ఆరు 8 వోల్టులవి పెడితే 48 వస్తుంది, కానీ అప్పుడు ఛార్జర్, కంట్రోలర్, సోలెనాయిడ్ అన్నీ 48కి సరిపోయేవే ఉండాలి, ఖర్చంతా అక్కడే. బ్రేకులు మాత్రం పాతవే కదా, స్పీడు పెంచేముందు వాటి సంగతి చూడండి.