నలుగురు కుర్రాళ్లు, ఒక సైకిలు, బోలెడన్ని ‘అట’లు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లి దగ్గర ఒక అపార్టుమెంటు సంఘానికి నేను కార్యదర్శిని. నెల కిందట మా సెల్లారులో సైకిలు ఒకటి పోయింది. వెనక వీధిలో కూలీల షెడ్లలో ఉండే పదిహేను, పదహారేళ్ల కుర్రాళ్లే తీశారని, వాళ్లు గొలుసులు కూడా తెంపుతున్నారని, పోలీసులు పట్టుకుని వదిలేశారని వాట్సాప్ గ్రూపులో రోజూ రాస్తున్నారు. సీసీ కెమెరాలో పడిన నలుగురు పిల్లల ఫొటోను గేటుకు అంటించాలని సభ్యులు పట్టుబడుతున్నారు. ఆదివారం సమావేశం ఉంది. నేనేం చేయాలి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీరు లేఖతో పంపిన సందేశాలన్నీ వరుసగా చదివాను. వాటిలో కళ్లారా చూసి చెప్పినవి రెండే రెండు: తన సైకిలు పోయిందని దాని సొంతదారు రాసినది, రాత్రి పదకొండు గంటలకు ఇద్దరు కుర్రాళ్లు బైకు ముందు చక్రం గాలిలోకి లేపి నడపడం చూశానని మరొకరు రాసినది. మిగిలినవన్నీ ‘తెంపారట’, ‘అమ్ముతున్నారట’, ‘వదిలేశారట’ అని ముగుస్తున్నాయి. మన భాష ఆ ఒక్క ‘ట’తో, ఈ మాట నాది కాదు, ఎవరో చెప్పగా విన్నానని నిజాయితీగా ఒప్పుకుంటుంది, చిక్కల్లా ఆ సందేశాన్ని ముందుకు పంపేవాళ్లు దాన్ని తీసేయడంతోనే వస్తోంది. గొలుసు సంగతే చూడండి. ఉదయం సందేశంలో ‘కుందలహళ్లి గేటు దగ్గర తెంపారట’ అని ఉంది (అది ఒక కూడలి పేరు), మధ్యాహ్నానికి ‘గేటు దగ్గర తెంపారు’ అయింది, రాత్రికి అది మీ గేటే అయిపోయింది.

నిప్పు లేనిదే పొగ రాదని మీ సభ్యులొకరు అన్నారు. ఇదే బెంగళూరులో 2018 మేలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాడన్న వదంతి నమ్మి, చామరాజపేటలో పొట్టచేత పట్టుకుని రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక యువకుణ్ని జనం కొట్టి చంపారు. అక్కడ పొగ తప్ప నిప్పు లేదు.

‘పట్టుకుని వదిలేశారు’ అన్న మాటను కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే అది ఒకవేళ నిజమే అయినా దాని అర్థం మీవాళ్లు అనుకుంటున్నది కాదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మీద ఆరోపణ వస్తే 2015 నాటి బాలల న్యాయ చట్టం వర్తిస్తుంది. నేరం అతి తీవ్రమైనదైతేనో, పెద్దలతో కలిసి చేసినదైతేనో తప్ప ఆ బాలుడి మీద ఎఫ్‌ఐఆర్ నమోదు చేయకూడదని, స్టేషన్ డైరీలో రాసుకుని, అతని కుటుంబ పరిస్థితులపై నివేదికతో బాలల న్యాయ మండలికి పంపాలని 2016 నాటి నమూనా నియమాలు చెబుతున్నాయి. పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు. కాబట్టి కుర్రాడు సాయంత్రానికి ఇంటికి చేరడం పోలీసులు ఊరుకున్నారనడానికి రుజువు కాదు, అతను నిర్దోషి అనడానికీ కాదు.

అంకెలు అడిగే సభ్యులుంటే ఇవి చెప్పండి: జాతీయ నేర గణాంకాల ప్రకారం బాలల మీద 2021లో 31,170 కేసులు, 2022లో 30,555 కేసులు నమోదయ్యాయి, 2022లో దేశం మొత్తం మీద నమోదైన కేసులు 58 లక్షలకు పైమాటే. అయితే ఇవి నమోదైనవి మాత్రమే, పైగా దేశం మొత్తానివి. మీ సైకిలు ఎవరు తీశారో వీటివల్ల తేలదు.

ఫొటో మాత్రం అంటించవద్దు. ఆ పిల్లల మీద విచారణ నడుస్తుంటే, వాళ్లను గుర్తుపట్టేలా ఫొటో గానీ పేరు గానీ బయటపెట్టడం అదే చట్టంలోని 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. విచారణే లేకపోతే, మీరు అంటించేది నలుగురు మామూలు పిల్లల ముఖాలు. మీరు పంపిన చిత్రంలో వాళ్లు వీధి దీపం కింద అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఒకడి చేతిలో చిప్స్ ప్యాకెట్ ఉంది, సైకిలు ఎక్కడా లేదు. దానిమీద ఉన్న తేదీ సైకిలు పోయిన మూడు రోజుల తర్వాతిది. ఇది ఇంతవరకు ఎవరి కంటా పడకపోవడం నాకు వింతగానే ఉంది.

సైకిలు సొంతదారు ఇప్పటికీ ఫిర్యాదు ఇవ్వలేదని రాశారు. ముందు ఆ పని చేయించండి, పోయిన రాత్రి కెమెరా దృశ్యాలను గ్రూపులో కాకుండా పోలీసులకు ఇవ్వండి. బైకు విన్యాసాలు మళ్లీ కనిపిస్తే 112కు ఫోన్ చేయండి; నడిపినవాడు మైనరని తేలితే, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం బండి యజమానికి లేదా తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు ఉన్నాయి. ఆ బండి మీ సెల్లారులోదే కావచ్చునన్న ఆలోచన కూడా సభ్యుల ముందు పెట్టండి, ఎందుకంటే చూసినాయన ఖరీదైన బైకు అని రాశారు.

ఆదివారం సమావేశానికి షెడ్ల మేస్త్రీని కూడా పిలవండి. ఆ పిల్లలు ఎవరి బిడ్డలో, బడికి వెళ్తున్నారో లేదో, రాత్రిళ్లు ఆ దీపం కిందే ఎందుకు కూర్చుంటున్నారో ఆయనకు తెలిసే ఉంటుంది. షెడ్లలో కరెంటు ఉందో లేదో కూడా అప్పుడే అడగండి.