చిన్న చిన్న మార్పులు అని రాయకు

సీతమ్మధార,
విశాఖపట్నం.

తమ్ముడూ,

బండికి చక్రాలు మార్పించడం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బాగుంది. మూడో పేజీలో "అవసరమైన చిన్న చిన్న మార్పులు చేసి కొత్త చక్రాలు బిగించాం" అన్న వాక్యం దగ్గర మాత్రం కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మట్టిదారి కోసం చేసిన హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ బండికి ముందు 21, వెనక 18 అంగుళాల చక్రాలు ఊడదీసి రెండు వైపులా 17 వేయించావు. బీచ్ రోడ్డు మీద సూర్యోదయానికి రెండు పేజీలు ఇచ్చావు. రుషికొండ మలుపులో బండి ఒరిగిన తీరుకు ఇంకో పేజీ. గాజువాక ఆటోనగర్‌లో జరిగిన పనంతటికీ ఒకే ఒక్క వాక్యం. రాయాల్సిన వ్యాసం ఆ వాక్యం వెనకే ఉండిపోయింది. నీలాంటి బండే ఉన్న కుర్రాడెవరో పెందుర్తిలోనో మర్రిపాలెంలోనో నీ రాత చదివి రిమ్ములు కొంటాడు. నువ్వు రాయకుండా వదిలేసిన కొలత దగ్గరే వాడి డబ్బు పోతుంది, ఒక్కోసారి చెయ్యి విరుగుతుంది. యంత్రం గురించి రాసేవాడు మిల్లీమీటరు దాచకూడదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

అంకెలుంటే పాఠకుడు పారిపోతాడని సంపాదకులు చెబుతారు. నమ్మకు. ఒకాయన నా వ్యాసంలో బోల్టులు ఎంత బిగించాలో రాసిన న్యూటన్ మీటర్లన్నీ కొట్టేసి "తగినంత గట్టిగా బిగించాలి" అని అచ్చువేశాడు. ఎంత తగినంత? ఇప్పుడు బండి మీద వచ్చే ప్రతి వ్యాసమూ పొగమంచుతో మొదలై "మాటల్లో చెప్పలేని అనుభూతి"తో ముగుస్తోంది. చెప్పలేకపోతే రాయడం ఎందుకు?

నీ కాగితం మీద ఉండాల్సిన లెక్క ఇది. పాత ముందు టైరు 90/90-21. వెడల్పు 90 మి.మీ., అందులో 90 శాతం ఎత్తు, అంటే 81. రిమ్ము 21 అంగుళాలు, అంటే 533, పైనా కిందా 81 చొప్పున కలిపితే మొత్తం డయామీటరు 695 మి.మీ. కొత్తది 110/70-17. రిమ్ము 432, పైనా కిందా 77, మొత్తం 586. తేడాలో సగం, అంటే 55 మి.మీ., ముందు ఇరుసు నేలకు దగ్గరైంది. వెనక 120/80-18 ఉన్నప్పుడు 649, 140/70-17 వేశాక 628. అక్కడ దిగింది 11 మి.మీ. మాత్రమే. అంటే వెనక కన్నా ముందు భాగం 44 మి.మీ. ఎక్కువ కిందికి వంగింది. వీల్‌బేస్, అంటే రెండు ఇరుసుల మధ్య దూరం, 1410 మి.మీ. కాబట్టి ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకున్న గొట్టాల జత, దాదాపు 1.8 డిగ్రీలు నిటారు అయింది. మొదట ఫోర్కు వాలు 27 డిగ్రీలు అనుకుని లెక్క కడితే ట్రెయిల్ 40 మి.మీ. దాకా తగ్గుతుంది. హ్యాండిల్ తిరిగే ఇరుసు గీతను నేల దాకా పొడిగిస్తే తగిలే చోటికి, టైరు నేలను తాకే చోటు ఎంత వెనక ఉందో ఆ దూరమే ట్రెయిల్. అందులో ఎక్కువ భాగం చక్రం చిన్నదవడం వల్ల, మిగతాది ఫోర్కు నిటారు కావడం వల్ల.

"హ్యాండిల్ వెన్నలా తిరుగుతోంది" అని రాశావే, దానికి కారణం ఈ 40 మి.మీ. మధురవాడ దాటాక హైవే మీద ముందు చక్రం తేలిపోయినట్టుందని, ఆ రోజు గాలి ఎక్కువని కూడా రాశావు. గాలి కన్నా ముందు ట్రెయిల్‌ని అనుమానించాలి. లాభం నీ ఖాతాలో వేసుకుని నష్టాన్ని గాలికి అంటగట్టావు. పోయిన 44 మి.మీ. పూర్తిగా వెనక్కి రాదు, కొంత వస్తుంది. ఫోర్కు గొట్టాలు పై క్లాంపులో పైకి పొడుచుకుని ఉంటే కిందికి జారుస్తారు. ముందు 110/80-17 వేస్తే ఇరుసు 11 మి.మీ. లేస్తుంది. వెనక స్ప్రింగును ముందే నొక్కి ఉంచే బిగువు, ప్రీలోడ్, తగ్గిస్తే వెనక భాగం కొద్దిగా దిగుతుంది, కానీ ఇద్దరు ఎక్కినప్పుడు గుంతల్లో తగులుతుంది. ఇలా లాభంతో పాటు నష్టమూ ప్రతిసారీ రాయి.

బ్రేకు సంగతి నువ్వు అసలు ఎత్తలేదు. 276 మి.మీ. డిస్కు అదే, దాన్ని పట్టి ఆపే కాలిపర్ అదే, చక్రం మాత్రం చిన్నదైంది. 695ని 586తో భాగించు, 1.19 వస్తుంది. లివరు అంతే నొక్కినా నేల దగ్గర ఆపే బలం 19 శాతం పెరిగిందన్నమాట. దానికి తోడు రోడ్డు టైరు పట్టు. ఫోర్కేమో 190 మి.మీ. దాకా కుంగేలా మట్టిదారి కోసం మెత్తగా పెట్టింది. సింహాచలం ఘాట్ దిగుతూ పాత అలవాటు కొద్దీ నొక్కితే ముందు భాగం ఒక్కసారిగా కూలబడుతుంది. గట్టి స్ప్రింగులు, కాస్త చిక్కటి ఫోర్కు ఆయిలు ఈ పనిలో భాగమే. వాటి ఖర్చు నీ పట్టీలో లేదు. స్పీడు సెన్సరు ముందు చక్రం మీద ఉన్న బండైతే మీటరు కూడా తప్పు చూపిస్తుంది: మీటరులో 100 కనిపించినప్పుడు బండి నిజంగా వెళ్లేది 84.

ఇక రిమ్ము. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది. 110/70కి 3 అంగుళాల వెడల్పు రిమ్ము, 140/70కి 4 అంగుళాలది కావాలి. ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కిస్తే నెత్తి ఉబ్బుతుంది, పక్కగోడలు లోపలికి ముడుచుకుంటాయి, మలుపులో టైరు మెలితిరుగుతుంది. చక్రం నడిమి హబ్బుకు ఎన్ని రంధ్రాలుంటే రిమ్ముకూ అన్నే ఉండాలి. అది అందరికీ తెలుసు. రంధ్రాలు ఏ వైపుకు వాలి ఉన్నాయో చాలామంది చూడరు. 21 నుంచి 17కి వస్తే రిమ్ము 51 మి.మీ. లోపలికి వచ్చేస్తుంది. స్పోకులు పాత పద్ధతిలోనే అడ్డంగా అల్లితే నిప్పిల్‌లోకి, అంటే వాటి కొసల్ని రిమ్ముకు బిగించే చిన్న నట్టులోకి, మరీ ఏటవాలుగా దూరుతాయి. నిప్పిల్ ఒకవైపు చూస్తుంది, స్పోకు ఇంకోవైపు. స్పోకు మెడ దగ్గర సన్నగా వంగి ఉంటుంది, వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది. విరిగేది అక్కడే. రిమ్ము ఆ హబ్బు కోసం తొలిచిందైనా కావాలి, అల్లిక అయినా మార్చాలి.

పాత స్పోకుల్నే కోసి, మర కోసే పనిముట్టు డైతో కొత్త మర తీయించారని నీ ఫోటో చూస్తే అర్థమైంది. కంపెనీ స్పోకుకు మర ఒత్తి చేస్తారు, లోహం తెగదు. డైతో కోసిన మరలో ప్రతి గాడీ ఒక గాటే, పగులు మొదలయ్యేది అందులోంచే. పైగా జింకు పూత పోయింది. మన ఊళ్లో సముద్రపు గాలికి పూత లేని మర ఎన్నాళ్లు ఆగుతుంది? కొత్త పొడవుకు స్పోకులు చేయించుకోవాలి, వీలైతే స్టెయిన్‌లెస్. నిప్పిల్ మరకు గ్రీజు రాసి ఎక్కించాలి. భీమిలి దాకా వెళ్లొచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో చక్రాలు కడగాలి. విశాఖలో కూర్చుని రాస్తూ ఉప్పు గురించి ఒక్క మాటా రాయకపోతే ఎలా?

అల్లే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. పాత చక్రం విప్పకముందే డిస్కు కూర్చునే హబ్బు మొహం మీద స్టీలు స్కేలు అడ్డంగా ఆనించి, అక్కణ్నుంచి రిమ్ము అంచుకు ఎంత దూరమో కొలిచి రాసుకోవాలి. విప్పేశాక ఆ కొలత మళ్లీ దొరకదు. కొత్త రిమ్ము వెడల్పు కాబట్టి దాని అంచు డిస్కు వైపుకు జరుగుతుంది. పాతది 1.85, కొత్తది 3 అంగుళాలైతే తేడా 29 మి.మీ., సగం 14.5. అంతే జరగాలి. ఈ లెక్క తప్పితే ముందు చక్రం ఒక పక్కకు, వెనకది ఇంకో పక్కకు కూర్చుంటుంది, చేతులు కాస్త వదిలితే బండి ఒకవైపుకు లాగుతుంది. అసలు కారణం తెలియక మెకానిక్ వెంటనే బేరింగు మార్చమంటాడు.

నిప్పిల్స్ అన్నీ మొదట వేళ్లతో ఒకే లోతుకు తిప్పాలి. ఆ తర్వాత స్పానరుతో పావు చుట్టు చొప్పున, ఒకటి బిగించాక దానికి ఎదురుగా ఉన్నది. చక్రం తిప్పితే కనిపించే ఊపు రెండు రకాలు: పైకీ కిందికీ, పక్కలకీ. సర్వీసు పుస్తకాల్లో మామూలుగా 2 మి.మీ. దాకా ఒప్పుకుంటారు. కొత్తగా అల్లిన చక్రానికి 1 మి.మీ. లోపు అడుగు. మొదటి 100 కిలోమీటర్ల తర్వాత స్పోకులన్నీ మళ్లీ చూడాలి, కచ్చితంగా కొన్ని వదులవుతాయి. స్పానరుతో తట్టితే బిగువున్నది ఖంగుమంటుంది, వదులైనది డబ్‌మంటుంది.

వెనక టైరుకూ చైనుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో నువ్వు రాయలేదు. 140 అని గోడ మీద అచ్చేసిన టైర్లన్నీ ఒకే వెడల్పు ఉండవు, కంపెనీని బట్టి మారతాయి. గాలి పూర్తిగా పెట్టి, ఇరుసును అడ్జస్టర్లలో పూర్తిగా ముందుకు జరిపి కొలవాలి. 5 మి.మీ. కన్నా తక్కువుంటే 130/70కి దిగాలి. మీద మనిషి కూర్చున్నప్పుడూ ఒకసారి చూడాలి, చైను ఊగుతుంది కదా.

సైడ్ స్టాండు పేరా మాత్రం బాగా వచ్చింది. కైలాసగిరి పార్కింగు వాలులో బండి నిటారుగా నిలబడి నిలబడి కుడివైపుకు పడిపోవడం, స్టాండు పాదం కింద రాయి నలగడం, అది చూసి రాసినట్టుంది. కారణం కూడా చేర్చు. ఫ్రేము మధ్యలో ముప్పై మి.మీ. పైచిలుకు దిగింది, స్టాండు పొడవు దిగలేదు. ఒకేసారి కోయించకు. ముందు 20 మి.మీ. కోసి అతికించి సమనేల మీద, వాలు మీద నిలబెట్టి చూసి, మిగతాది ఆ తర్వాత. 220 ఉన్న గ్రౌండ్ క్లియరెన్సు 187 దగ్గరికి వచ్చిందని కూడా అక్కడే రాయి.

చట్టం సంగతి దాటేశావు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి మార్చడాన్ని అడ్డుకుంటుంది. 182ఎ(4) కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టొచ్చు. ఇది వ్యాసం చివర చిన్న అక్షరాల్లో కాదు, మొదటి పేజీలోనే ఉండాలి. డబ్బు ఖర్చుపెట్టకముందు పాఠకుడికి తెలియాలి.

1979లో కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్‌లో జరిగిన పోటీ, మట్టి బండికి ఇలా రోడ్డు చక్రాలు వేసే పద్ధతికి మొదలు అనదగ్గది, దాని గురించి రాసిన పేరా ఉంచు, కానీ సగానికి కుదించు. తారు, మట్టి, గెంతులు మూడూ ఒకే ట్రాక్‌లో పెట్టారన్నది చాలు.

మారుపేరు గురించి అడిగావు, ఇప్పుడు వద్దు. ముందు ఆటోనగర్ వెళ్లు. చక్రం అల్లిన మనిషి పక్కన ఒక పూట కూర్చుని, ఆయన చేయి ఏ వరసలో కదిలిందో అదే వరసలో రాసుకో. సూర్యోదయం రెండు పేజీలూ తీసేసి ఆ జాగాలో ఇది పెట్టు. చైను దగ్గర ఖాళీ, రిమ్ముల వెడల్పు, ఒక్కో పనికైన ఖర్చు, ఈ మూడూ లేకుండా రెండో ప్రతి పంపకు. కోసిన స్పోకులు ఇంకా బండికే ఉంటే, వ్యాసం ఆపి ముందు అవి మార్పించు.

ఇట్లు,
మీ అన్నయ్య