అమ్మాయిని వ్యవసాయ డిగ్రీలో చేర్పించవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసి బీఎస్సీ అగ్రికల్చర్ చదువుతానంటోంది. పొలం కౌలుకిచ్చి పట్నం వచ్చినవాళ్లం. మట్టి పిసుక్కునే చదువెందుకని కోప్పడ్డాను. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో డ్రోన్లు, కృత్రిమ మేధతో వ్యవసాయ కోర్సు ఉందట. ఏది మేలు? – ఒక తండ్రి, భీమవరం

జవాబు: మీరు అడిగింది రెండు కోర్సుల గురించే అయినా, మీరు వదిలి వచ్చిన బురదలోకే బిడ్డ మళ్లీ దిగుతుందేమోనన్నది మీ అసలు బెంగ. అది పెట్టుకోకండి. 2022 నవంబరులో 800 కోట్లకు చేరిన ప్రపంచ జనాభా 2050 నాటికి సుమారు 970 కోట్లవుతుందని ఐక్యరాజ్యసమితి అంచనా. సాగుభూమి ఆ మేరకు పెరగదు కనుక ఉన్న ఎకరంలోనే ఎక్కువ పండించాలి, పండినదాన్ని వరదకూ తెగులుకూ పోకుండా కాపాడుకోవాలి. మీ జిల్లాలోని మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో అందించిన స్వర్ణ వరి తూర్పు భారతమంతటా పాకింది. ఒడిశా దేశవాళీ వరిలోని ముంపును తట్టుకునే జన్యువును అందులో చేర్చగా వచ్చిన స్వర్ణ-సబ్1, 2009లో విడుదలై, రెండు వారాలు నీట మునిగినా తేరుకుంటోంది. అటువంటి వంగడాలను తయారుచేసేది మీ అమ్మాయి కోరుకుంటున్న చదువు చదివినవారే.

డ్రోన్ల కోర్సుపై నా అనుమానం దాచను. డ్రోన్ నడపడం కొద్ది రోజుల శిక్షణతో వస్తుంది. పైనుంచి తీసిన ఫొటోలో పసుపు రంగుకు తిరిగినట్లు కనిపించిన మడిలో ఉన్నది పోషక లోపమా, బాక్టీరియా ఎండాకు తెగులా అని తేల్చాలంటే మాత్రం మడిలోకి దిగాల్సిందే. ఆకును కోసి ఆ కొసను గ్లాసు నీటిలో ఉంచితే, తెగులు ఉన్నట్లయితే కోసినచోటు నుంచి పాలలాంటి జిగురు కారి నీరు మసకబారుతుంది. ఇది తెలిసినవారు డ్రోన్‌ను ఎప్పుడైనా నేర్చుకోగలరు. తెలియనివారికి యంత్రం ఇచ్చే రంగుల పటంతో ఒరిగేదేమీ లేదు.

కటువుగా ఉన్నా ఒక మాట చెప్పాలి. ఈనాటికీ మీకు కౌలు తెచ్చిపెడుతున్న పొలాన్ని బిడ్డ ఎదుట చిన్నబుచ్చడం మీకు తగదు. ఇష్టపడి ఎంచుకున్న చదువును ఇంట్లోవాళ్లే తీసిపారేస్తే పిల్లలు ఎవరి దగ్గర ధైర్యం తెచ్చుకుంటారు?

వ్యవసాయాధికారి నోటిఫికేషన్లు ఏటా రావన్నది నిజమే కానీ, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులు, విత్తన సంస్థలు, పీజీ చేస్తే పరిశోధన ఉన్నాయి. ప్రైవేటు కళాశాల అయితే భారత వ్యవసాయ పరిశోధన మండలి గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టకముందే కనుక్కోండి. అది లేకపోతే పీజీకీ సర్కారు కొలువుకూ అమ్మాయి ఇబ్బంది పడవలసి వస్తుంది.