10/3 అంటే మార్చి పది కాదు

కనుమ సాయంత్రం. జగ్గన్నతోట తీర్థంలో, రంగుగుడ్డలతో అలంకరించి ఊరూరా నుంచి మోసుకొచ్చే ప్రభలు చూసి, చేలగట్ల మీద నడుచుకుంటూ వచ్చి, కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాం. పద్నాలుగేళ్ళ తర్వాత చూశాను ప్రభల్ని. గంగలకుర్రు ప్రభ కౌశిక నది దాటుతుంటే కుర్రాళ్ళ కంటే నేనే గట్టిగా అరిచానని మావాళ్ళు ఒకటే నవ్వు. పిల్లలు స్కూల్లో ఉన్నన్నాళ్ళూ అమెరికా నుంచి సంక్రాంతికి రావడం కుదరలేదు. ఎందుకో చెబుతాను.

మా చిన్నాన్నగారి కోడలు ఫోను పట్టుకుని పక్కన చేరింది. జూన్‌లో పిల్లలిద్దరినీ తీసుకుని డాలస్ వస్తోంది. తమ్ముడు ముందే వెళ్ళి ఉద్యోగంలో చేరాడు. ఆగస్టులో చిన్నవాడు రెండో తరగతిలో, పెద్దది ఏడో తరగతిలో చేరతారు.

"వదినగారండీ, అక్కడి స్కూలు క్యాలెండరంట, మీ తమ్ముడు పంపించారు. పైజమా డే అంట, రంగురంగుల సాక్సుల రోజంట, వందో రోజంట. మరి చదువెప్పుడు చెబుతారండీ?"

సరిగ్గా నేనూ ఇలాగే అడిగాను, వెళ్ళిన కొత్తలో. మన అమలాపురం స్కూళ్ళలో ఆగస్టు పదిహేనుకి జెండా, నవంబరు 14న బాలల దినోత్సవం, ఏడాది చివర వార్షికోత్సవం, అక్కడితో సరి. అక్కడ వారానికొకటి. అవన్నీ అక్కర్లేని తంతు అనుకుని స్కూలు నుంచి వచ్చిన కాయితాలు డ్రాయర్లో పడేసేదాన్ని. దాని ఫలితం ఆ మొదటి ఏడే అనుభవించాను.

మావాడు ఒకటో తరగతి. గుమ్మడి తోటకి ఫీల్డ్ ట్రిప్, సంతకం పెట్టి చీటీ 10/3 లోగా పంపండి అని రాసి ఉంది. మార్చి పదికి ఇంకా ఐదు నెలలుంది కదా అని పక్కన పెట్టాను. అక్కడ నెల ముందు రాస్తారు, తేదీ తర్వాత. 10/3 అంటే అక్టోబరు మూడు! ట్రిప్ రోజు క్లాసంతా పసుపుపచ్చ బస్సెక్కి వెళ్ళింది. సంతకం లేనివాణ్ణి తీసుకెళ్ళరు కాబట్టి మావాణ్ణి పక్క క్లాసులో కూర్చోబెట్టారు. సాయంత్రం వచ్చి ఏడవలేదు. "అందరి దగ్గరా చిన్న గుమ్మడికాయ ఉందమ్మా" అన్నాడంతే. ఫోన్లో చెబితే మా అమ్మ, "గుమ్మడికాయ కోసుకోడానికి బస్సు కట్టించుకుని వెళ్ళడమేంటే, మన పాక మీద పాకింది చాలదా" అంది. నవ్వొచ్చింది గానీ, మర్నాటి నుంచి స్కూలు కాయితం ఏది వచ్చినా ఫ్రిజ్ మీద అతికించడం మొదలెట్టాను. ఇక్కడ మా నాన్న పంచాంగం చూసినట్టు అక్కడ పొద్దున్నే నేను ఫ్రిజ్ చూసేదాన్ని.

"అయితే అన్నిటికీ వెళ్ళాలాండీ?" అంది మా మరదలు.

అక్కర్లేదు. పైజమా డే, సాక్సుల రోజు లాంటివాటికి డబ్బు ఖర్చు లేదు, పిల్లాణ్ణి అలా పంపడమే. కానీ మర్చిపోయి ఇస్త్రీ చొక్కాతో పంపావనుకో, ఆ రోజంతా వాడొక్కడే వేరు. కొత్త దేశం నుంచి వచ్చిన పిల్లాడు అప్పటికే ఒకందుకు వేరుగా ఉంటాడు, మనం ఇంకోటి కలపకూడదు. వందో రోజు సాధారణంగా ఫిబ్రవరి ప్రాంతంలో వస్తుంది. స్కూలు తెరిచి వంద రోజులైందని చిన్న తరగతుల పిల్లలు వందేళ్ళ ముసలాళ్ళలా వేషం కట్టుకెళ్తారు, లేదా ఏవో వంద వస్తువులు లెక్కపెట్టి పట్టుకెళ్తారు. మావాడు వంద చింతగింజలు పట్టుకెళ్ళాడు. టీచరు వాటిని కిటికీలో పెట్టి వేసవి సెలవుల దాకా తియ్యలేదు.

ఫిబ్రవరి 14 సంగతి విని మా చిన్నాన్న అరుగు మీంచి లేచి నిలబడ్డాడు. "రెండో తరగతి పిల్లాడికి ఆ దినమేంటమ్మా!" నువ్వనుకునేది కాదు చిన్నాన్నా. క్లాసులో ప్రతి ఒక్కరికీ చిన్న కార్డు ఇవ్వాలి, ఒక్కరినీ వదలకూడదు. టీచరు పేర్ల జాబితా పంపిస్తుంది. వాడికి క్లాసులో అందరి పేర్లూ రాయడం వచ్చేది ఆ రోజే.

తినే వాటి దగ్గర మాత్రం జాగ్రత్త. మావాడి పుట్టినరోజుకి ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్ళాను, ఊరి నుంచి వచ్చినవాళ్ళతో తెప్పించుకున్నవి. టీచరు పెట్టె తెరిచి, మర్యాదగానే, వెనక్కిచ్చేసింది. లోపల జీడిపప్పు. క్లాసులో ఇద్దరికి జీడిపప్పు లాంటి పప్పులంటే ఎలర్జీ, ప్రాణం మీదికొచ్చే రకం. చాలా స్కూళ్ళు ఇంట్లో చేసినవి తీసుకోవు. కొట్లో కొన్నదై ఉండాలి, మీద ఏమేం కలిపారో అచ్చయి ఉండాలి. ముందు టీచరుని అడుగు. అవే పూతరేకులు వసంతకాలంలో స్కూల్లో ఇంటర్నేషనల్ నైట్‌కి, అంటే ఒక్కో దేశంవాళ్ళూ తమ తిండీ తీరూ చూపించే సాయంత్రానికి పట్టుకెళ్ళి, జీడిపప్పు ఉందని ముందు చీటీ పెట్టాను. ఒకావిడ చేత్తో పట్టుకుని పైపొర విప్పుతోంది. "అది కాయితం కాదండీ, బియ్యప్పిండే, తినెయ్యండి" అన్నాను. ఆవిడే తర్వాత మా ఇంటికి మొదటి తెల్ల అతిథి. ఇప్పటికీ దసరాకి బొమ్మల కొలువు చూడ్డానికి వస్తుంది.

నిన్ను కూడా స్కూలుకి రమ్మనేది అందుకే. మొగుడి ఉద్యోగం మీద వచ్చే డిపెండెంట్ వీసాతో ఇంట్లో కూర్చుంటే నాలుగ్గోడలే దిక్కు. బుక్ ఫెయిర్లో పుస్తకాలు సర్దడానికీ, ఫీల్డ్ ట్రిప్‌లో నలుగురు పిల్లల్ని కనిపెట్టుకోడానికీ స్కూళ్ళకి మనుషులు కావాలి. వాలంటీర్ ఫారం ఏడాది మొదట్లోనే నింపెయ్యి. పోలీసు రికార్డులు వెతికి గానీ లోపలికి రానివ్వరు, దానికి టైము పడుతుంది. నా ఇంగ్లీషుకి ధైర్యం వచ్చింది అక్కడ పుస్తకాలకి ధర చీటీలు అంటిస్తూనే.

టీచరుతో మీటింగు విడిగా ఉంటుంది, పదిహేను ఇరవై నిమిషాలు. 2024 డిసెంబరు 7న ఇక్కడ ప్రభుత్వం రాష్ట్రమంతా ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టింది కదా, అలా జనంతో కాదు, నువ్వూ టీచరూ అంతే. వెళ్ళి ర్యాంకెంత అని అడక్కు, చిన్న తరగతుల్లో ర్యాంకులే ఉండవు. భోజనం దగ్గర ఎవరి పక్కన కూర్చుంటున్నాడో అడుగు.

పెద్దదాని సంగతి వేరు. బ్యాండూ ఆర్కెస్ట్రా చాలాచోట్ల ఐదులోనో ఆరులోనో మొదలవుతాయి. ఏడులో చేరేపిల్ల వెనకబడినట్టే, కాబట్టి చేరిన రోజునే, క్లాసులు కుదిర్చే స్కూలు కౌన్సిలరుని కలిసి కొత్తవాళ్ళకి క్లాసుందా అని అడగాలి. వాయిద్యం కొనొద్దు, నెలకింతని అద్దెకిస్తారు. కొన్ని ఆటలకి సెలెక్షన్లు మొదటి వారాల్లోనే అయిపోతాయి, ఒళ్ళు పరీక్ష చేసి డాక్టరు సంతకం పెట్టిన ఫిజికల్ ఫారం ముందే ఉండాలి. ఆటలాడితే చదువు పోతుందని టెన్షన్ పడకు. టెక్సస్‌లో 1984 నుంచీ ఒక రూలుంది, నో పాస్ నో ప్లే అంటారు. సబ్జెక్టులో 70 కంటే తక్కువొస్తే కనీసం మూడు వారాలు పోటీల్లోకి దిగనివ్వరు. కొన్ని కష్టమైన క్లాసులకి మినహాయింపు ఉంది. మనం చెప్తే వినని పిల్లలు ఆ కోచ్ చెప్తే చచ్చినట్టు హోంవర్కు చేస్తారు.

స్పెల్లింగ్ బీ పోటీలూ గట్రా మనవాళ్ళే నీకు చెబుతారు, నేను చెప్పక్కర్లేదు. పిల్లకి ఇష్టముంటే సరే, లేకపోతే పక్కింటివాళ్ళని చూసి తొయ్యకు.

హైస్కూలుకొచ్చాక హోమ్‌కమింగ్ ఉంటుంది, పాత విద్యార్థులు కూడా వచ్చే స్కూలు పండగ. మా అమ్మాయి ఒకరోజు "అమ్మా, నాకు మమ్ కావాలి" అంది. "ఇక్కడే ఉన్నాను కదే" అన్నాను. మమ్ అంటే పళ్ళెమంత చేమంతి, సిల్కుగుడ్డతో చేసింది. దానికి మోకాళ్ళ దాకా రిబ్బన్లు, గంటలు, బుల్లి ఎలుగుబంట్లు, పిల్ల పేరు మెరుపు అక్షరాల్లో. ఫుట్‌బాల్ ఆట రోజు అది రొమ్ము మీద తగిలించుకుని గలగలలాడుకుంటూ తిరుగుతారు. ముఖ్యంగా టెక్సస్ వాళ్ళకుంది ఆ పిచ్చి. కడియం నర్సరీ వాళ్ళు చూస్తే ఇదేం చేమంతని మూర్ఛపోతారు, నాకు మాత్రం మన ప్రభే కనిపించింది. కొనబోతే డబ్బులు బాగా అవుతాయి, మేం రిబ్బన్లు తెచ్చి ఇంట్లోనే కట్టాం. పదిరోజులు మా హాలు తీర్థంలో దుకాణంలా ఉంది.

ఇక సంక్రాంతి. జనవరి 14 అక్కడ మామూలు బడి రోజు. పండగ రోజున చీటీ రాసిచ్చి మానిపించొచ్చు, మతపరమైన పండగకి టెక్సస్‌లో ఆ గైర్హాజరు మన్నిస్తారు. కానీ క్రిస్మస్ సెలవులకి ఊరొచ్చి కనుమ దాకా ఉండిపోదామనుకుంటే కుదరదు. నూటికి 90 రోజులు హాజరు లేకపోతే, క్లాసు పూర్తిచేసినట్టు ఇచ్చే క్రెడిట్లకి చిక్కు, పాఠాలూ పోతాయి. నేను పద్నాలుగేళ్ళు ప్రభలు మానేసింది అందుకే. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, ఆ మూడు రోజుల్లోనే మనవాళ్ళు ముగ్గులూ భోగిపళ్ళూ కానిచ్చేస్తారు.

మా మరదలు అన్నీ ఫోన్లో రాసుకుంటోంది. 10/3 దగ్గర కింద గీత గీసింది. ఇంతలో వెనకాల నించి చిన్నవాడు, "అత్తా, పైజమా డేకి తాతయ్య లుంగీ కట్టుకెళ్ళొచ్చా?"

"కట్టుకెళ్ళు నాన్నా. లోపల నిక్కరు వేసుకుని."